లోజేర్ పటంలో కొన్ని కమ్యూన్లు తెల్లగా మిగిలిపోతున్నాయి

పటాలపని:
ఫ్రాన్సులోని లోజేర్ డిపార్ట్‌మెంటుకు (మన జిల్లా వంటిది) జనసాంద్రత పటం తయారు చేస్తున్నాను. కమ్యూన్ల (అక్కడి అతిచిన్న పాలనా విభాగాలు, మన పంచాయతీల వంటివి) సరిహద్దుల ఫైలును, ఫ్రాన్సు గణాంక సంస్థ ఇన్సే ఇచ్చే జనాభా పట్టికతో కమ్యూన్ కోడు ఆధారంగా కలిపితే, ఫ్లోరాక్ పక్కన ఉన్న లా సాల్-ప్రూనే సహా కొన్ని కమ్యూన్లకు అంకె రాక అవి తెల్లగా మిగిలిపోతున్నాయి. నిన్నటి నుంచి తల బద్దలు కొట్టుకుంటున్నాను. కోడ్లన్నీ సరిగానే ఉన్నాయి.

మైదానం:
ఎక్సెల్‌లో తెరిచి ఉంటారు, కోడు ముందున్న సున్నా ఎగిరిపోయి ఉంటుంది.

కొలబద్ద:
లోజేర్ కోడ్లు 48తో మొదలవుతాయి. సున్నా ఎక్కడిది? రెండు ఫైళ్లూ ఏ సంవత్సరానివి?

మైదానం:
ఇంత తక్కువ జనం ఉన్న చోట కమ్యూన్ల దాకా వెళ్లడం దేనికండీ? మన మండలాల వంటి కాంటన్లు 13 ఉన్నాయి, వాటితో చేస్తే సరిపోతుంది.

గోదారిగట్టు:
కాంటన్‌ను మండలంతో పోల్చడం సరికాదు. మండలానికి తహసీల్దారు, కార్యాలయం ఉంటాయి. కాంటన్ కేవలం ఎన్నికల నియోజకవర్గం, 2015 నుంచి ఒక్కో కాంటన్ ఒక స్త్రీనీ ఒక పురుషునీ జంటగా డిపార్ట్‌మెంటు మండలికి ఎన్నుకుంటుంది. ప్రభుత్వం నియమించే ప్రిఫెక్టు (మన కలెక్టరు వంటి అధికారి) మాండ్‌లోనూ, ఉపప్రిఫెక్టు ఫ్లోరాక్‌లోనూ ఉంటారు. వారి కింద కాంటన్ స్థాయి అధికారి అంటూ ఎవరూ లేరు.

మైదానం:
నేను పరిమాణం గురించి చెప్పాను, అధికారుల గురించి కాదు.

పటాలపని:
సరిహద్దులు 2015వి, జనాభా 2021ది. సంవత్సరంతో పనేమిటి?

కొలబద్ద:
పనంతా దానితోనే. 2015లో 185 ఉన్న కమ్యూన్లు విలీనాలతో 152 అయ్యాయి. 2016 జనవరి 1న ఫ్లోరాక్, లా సాల్-ప్రూనే కలిసి ఫ్లోరాక్ త్రువా రివియేర్ అయినప్పుడు, కొత్త కమ్యూన్‌కు ఫ్లోరాక్ పాత కోడు 48061 మిగిలింది, రెండోది పోయింది. కనుక మీ పటంలో లా సాల్-ప్రూనే తెల్లగా ఉండటం ఒక్కటే కాదు, ఆ ఊరి జనం కూడా పాత ఫ్లోరాక్ హద్దుల్లోకి వచ్చిపడి అక్కడి సాంద్రత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. తెల్లమచ్చ కంటికి కనబడుతుంది గాని ఈ తప్పు కనబడదు. జనాభా పట్టిక ఏ సంవత్సరపు హద్దుల ప్రకారం ఇచ్చారో దాని పైనే రాసి ఉంటుంది. ఆ సంవత్సరపు సరిహద్దులే దింపుకోండి.

గోదారిగట్టు:
పరిమాణమైనా కుదరదు. 2014 పునర్విభజనలో 25 కాంటన్లను 13కు కుదించి, వాటి హద్దులు గీసింది జనాభా లెక్క చూసే.

పటాలపని:
హద్దులు మార్చాను, మచ్చలు పోయాయి. ధన్యవాదాలండీ.