1966 షెవెల్ ఎస్‌ఎస్ 396: ఫ్యాక్టరీలో ఎప్పుడు తయారైందో తేల్చడం ఎలా?

జేసీరోడ్_396 (బెంగళూరు)

అందరికీ నమస్కారం. నా బండి 1966 షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్ 396 (396 క్యూబిక్ అంగుళాల ఇంజన్ ఉన్న అమెరికన్ కారు), రెండు తలుపుల హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు ఉన్నది). రీస్టోరేషన్ మొదలుపెట్టే ముందు అసలు తయారీ తేదీ తేల్చుకోవాలి. నంబరు పాత మైసూరు రాష్ట్రం నాటి ఎం.వై. సిరీస్, ఆర్‌సీలో తయారీ సంవత్సరం 1968 అని ఉంది. బండి మీద దొరికినవి ఇవి:

చాసిస్ నంబరు 138176కే1తో మొదలవుతుంది (మిగతా అంకెలు ఇక్కడ పెట్టడం లేదు). ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీది రేకు ట్యాగ్‌లో 03బీ. ఇంజన్ బ్లాక్ వెనక 3855962, బ్లాక్ పక్కన బీ 14 6. బ్లాక్ ముందువైపు చదును భాగం మీద టీ0222ఈఎఫ్. గేర్‌బాక్స్ మీద పీ0217. వెనక యాక్సిల్ ట్యూబ్ మీద 0225. ఆల్టర్నేటర్ మీద 6ఎఫ్20.

వీటిలో తయారీ తేదీగా దేన్ని తీసుకోవాలి? ఆల్టర్నేటర్ తేదీ మిగతావాటితో ఎందుకు కలవట్లేదు? ఇంకోటి: బ్లాక్ పైముఖాన్ని సర్ఫేస్ గ్రైండింగ్ చేయాలని మెషిన్ షాపు వాళ్లు అంటున్నారు. దానివల్ల ఈ నంబర్లకి ఏమైనా అవుతుందా?

పోతఇనుము (చెన్నై)

గ్రైండింగ్ ఆపించండి. ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. టీ0222ఈఎఫ్ ఉన్న ఆ చదును, హెడ్ కూర్చునే ముఖం ఒకే మట్టంలో ఉంటాయి. కట్టర్ ఒక్కసారి తిరిగితే ఆ అక్షరాలు పోతాయి, మళ్లీ రావు. ముఖం నిజంగా వంగిందో లేదో స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి ముందు కొలవమనండి. తప్పనిసరై కోయాల్సి వస్తే ఆ చదును అంచు దగ్గరే కట్టర్ ఆపగలరా అని అడగండి. ఓపిక ఉన్న మెషినిస్టు ఆ పని చేయగలడు.

ఇక తేదీల సంగతి. ఈ బళ్లకి తయారీ తేదీ అంటూ ఒక్కటే ఉండదు. బ్లాక్ పోత పోసిన రోజు వేరు, ఇంజన్ కూర్చిన రోజు వేరు, ఫిషర్ బాడీ (షెవర్లేకి బాడీలు తయారుచేసిన సంస్థ) వాళ్లు బాడీ సిద్ధం చేసిన వారం వేరు, బండి లైను దిగిన రోజు వేరు. మొదటి మూడూ మీ బండి మీదే ఉన్నాయి. వాటిని వరసగా పేర్చి చూడాలి.

బీ 14 6 అంటే పోత తేదీ. షెవర్లే ఫౌండ్రీలో జనవరికి ఏ, ఫిబ్రవరికి బీ, అలా డిసెంబరుకి ఎల్ వరకు. తర్వాత తారీఖు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. అంటే 1966 ఫిబ్రవరి 14. ఒక్క అంకే కాబట్టి 1976 కూడా కావచ్చు కదా అనే అనుమానం సహజం. దాన్ని తీర్చేది వెనకనున్న 3855962. అది 1965, 66 మోడళ్ల 396 బ్లాకుల పోత నంబరు. ఈ రెండూ కలిపి చదివితేనే అర్థం. పోత తేదీ ఒక్కటే చూపించి బండి అమ్మజూపేవాళ్ల దగ్గర జాగ్రత్త.

టీ0222ఈఎఫ్: టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ఇంజన్ ప్లాంటు. షెవర్లే మార్క్ ఫోర్ పెద్ద ఇంజన్లు అక్కడే తయారయ్యాయి కాబట్టి 396 మీద ఫ్లింట్ ప్లాంటుకి చెందిన ఎఫ్ గానీ వీ గానీ మొదట్లో కనిపిస్తే ఏదో తేడా ఉన్నట్టే. 0222 ఫిబ్రవరి 22. ఇక్కడ సంవత్సరం ఉండదు, గుర్తుపెట్టుకోండి. ఈఎఫ్ 1966 షెవెల్‌లో 360 హార్స్‌పవర్, మాన్యువల్ గేరు. 325 అయితే ఈడీ, 375 అయితే ఈజీ ఉండేది. ఈ అక్షరాల జంటల్ని వేరే సంవత్సరాల్లో వేరే ఇంజన్లకీ వాడారు, అందుకే పోత నంబరు చూడకుండా వీటిని మాత్రమే నమ్మొద్దు.

03బీ మార్చి రెండో వారం. ముందు రెండంకెలు నెల, ఏ నుంచి ఈ వరకు అక్షరం వారం. ఇది బాడీ తేదీ. బండి పూర్తయింది దాని తర్వాత, మామూలుగా కొద్ది రోజుల్లోనే. ట్యాగ్ మీది బాడీ నంబరుకీ చాసిస్ నంబరుకీ సంబంధం ఉండదు. రెండూ కలవలేదని కంగారు పడకండి, కలవవు.

పోత ఫిబ్రవరి 14, ఇంజన్ 22, బాడీ మార్చి రెండో వారం. చాసిస్ నంబరులో కే అంటే కాన్సాస్ సిటీ ప్లాంటు. టోనవాండా నుంచి అంత దూరం ఇంజన్ వెళ్లడానికి రెండు వారాలు చక్కగా సరిపోతాయి. గేర్‌బాక్స్ ఫిబ్రవరి 17, యాక్సిల్ ఫిబ్రవరి 25, అవీ వరసలోనే ఉన్నాయి. ఎవరైనా అడిగితే "1966 మార్చి, కాన్సాస్ సిటీ" అని చెప్పొచ్చు. అంతకంటే కచ్చితంగా రోజు చెప్పకండి, ఆ రోజు ఈ నంబర్లలో లేదు.

చివరగా ఒక మంచి మాట. మీ నంబరు 13817తో మొదలైంది. 1966లో ఆ అంకెలు ఎస్‌ఎస్ 396 హార్డ్‌టాప్‌కే ఇచ్చారు, కన్వర్టిబుల్ అయితే 13867. అందువల్ల ఇది అసలైన ఎస్‌ఎస్ అని చాసిస్ నంబరే చెబుతోంది. 1965లో ఈ సౌకర్యం లేదు. ఆ ఏడాది జెడ్16 (396 ఇంజన్ ఆప్షన్) షెవెళ్లు మొత్తం 201 తయారైతే, వాటిలో హార్డ్‌టాప్ నంబరూ మామూలు వీ8 మాలిబు ఎస్‌ఎస్ హార్డ్‌టాప్ నంబరూ ఒకేలా 13837తో మొదలవుతాయి. 1969, 70లలో ఎస్‌ఎస్ ఒక ఆప్షన్ మాత్రమే, కాబట్టి నంబరు చూసి ఏమీ తేల్చలేం.

టార్చిలైటు (బెంగళూరు)

పోతఇనుము గారు చెప్పినదానికి కొనసాగింపు. తేదీలు సరిపోయాయని సంబరపడే ముందు ఆ చదును మీద అక్షరాలు ఫ్యాక్టరీలో కొట్టినవో, తర్వాత ఎవరైనా కొట్టినవో చూడాలి. తేదీలు వరసగా పేర్చడం తెలిసినవాడికి దొంగ తేదీ కొట్టడమూ తెలుసు.

వైర్ బ్రష్, ఎమరీ కాగితం, గ్రైండర్ దగ్గరికి రానీయొద్దు. కార్బ్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా తోమి, నూలుగుడ్డతో అద్దండి. పెయింటు పేరుకుంటే జెల్ రకం పెయింట్ రిమూవర్ రాసి, మెత్తబడ్డాక ప్లాస్టిక్ ముక్కతో తీయండి. తర్వాత గ్యారేజీలో లైట్లు ఆర్పేసి టార్చి దాదాపు పడుకోబెట్టి, వెలుగు పక్కనుంచి ఆ ముఖం మీద పడేలా చూడండి. ఇంజన్ ముందు నుంచి వెనక్కి సన్నటి సమాంతర గీతలు కనబడాలి. ఫ్యాక్టరీలో ఆ ముఖాన్ని చదును చేసిన బ్రోచింగ్ మెషిన్ వదిలిన గీతలవి, ఆ బ్లాక్ పుట్టుమచ్చ లాంటివి. అక్షరాల అడుగునా చుట్టూ అవి తెగకుండా సాగాలి. గీతలు లేకుండా నున్నగా ఉన్నా, గుండ్రటి కట్టర్ గుర్తులో అడ్డదిడ్డపు ఎమరీ గీతలో ఉన్నా, ఎప్పుడో కోసిన బ్లాకే. కోయడం నేరం కాదు. కోసిన ముఖం మీద కూడా అక్షరాలు పదునుగా, కొత్తగా ఉన్నాయంటే మాత్రం అవి తర్వాత కొట్టినవి.

అక్షరాలు సీఈ అని మొదలైతే అది వారంటీ కింద మార్చిన బ్లాక్. తప్పు బ్లాక్ కాదు గానీ బండితో పుట్టింది కాదు. 1968 నుంచి చాసిస్ నంబరులో కొంత భాగం ఇంజన్ మీద కూడా కొట్టారు. మీ 1966లో అది లేకపోతే అనుమానించాల్సిన పని లేదు.

ఆల్టర్నేటర్ విషయానికొస్తే, 6ఎఫ్20 అంటే 1966 జూన్ 20. మార్చిలో తయారైన బండికి జూన్ ఆల్టర్నేటర్ ఫ్యాక్టరీలో బిగించే వీల్లేదు, తర్వాత మార్చిందే. పారేయకండి, కాలానికి సరిపోయే డెల్కో (ఈ ఆల్టర్నేటర్ తయారుచేసిన కంపెనీ) సరుకు ఇక్కడ దొరకడమే కష్టం. డెల్కో రెమీ వాళ్లు సంవత్సరం ముందు, నెల అక్షరం మధ్యలో, తారీఖు చివర రాస్తారు. పైగా ఐ అక్షరం వదిలేస్తారు, అందువల్ల వాళ్ల సెప్టెంబరు జే. షెవర్లే ఫౌండ్రీ మాత్రం సెప్టెంబరుకి ఐ వాడింది. ఇక్కడే చాలామంది ఒక నెల తప్పు చదువుతారు. డిస్ట్రిబ్యూటర్, స్టార్టర్ మీది తేదీలూ డెల్కో పద్ధతే, అవి కూడా చూసి చెప్పండి. కార్బురేటర్ హోలీ కంపెనీది అయితే మూడు గుర్తులు: సంవత్సరం, నెల, వారం. అక్టోబరుకి సున్నా, నవంబరుకి ఏ, డిసెంబరుకి బీ.

గేర్‌బాక్స్ మీద పీ అంటే మన్సీ ప్లాంటు. 1966 వరకు నెల, తారీఖు మాత్రమే, సంవత్సరం ఉండదు. కాబట్టి కేసింగ్ పక్కన పోత నంబరు చూడండి. 3885010 ఉంటే 1966, 67లది, మీ బండికి సరిపోతుంది. 1967 నుంచి సంవత్సరం అంకె చేర్చి, నెలకి ఏ, బీ, సీ, డీ, ఈ, హెచ్, కే, ఎం, పీ, ఆర్, ఎస్, టీ అని వాడారు. వరస అక్షరాలు కావు, లెక్కపెట్టుకుంటూ పోతే తప్పుతుంది.

ఒక చిన్న జాగ్రత్త. అమెరికా వాళ్లు డ్రైవర్ వైపు అంటే ఎడమ, మనం అంటే కుడి. నంబరు చోట్లు రాసుకునేటప్పుడు సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నట్టుగా ఎడమ, కుడి అని మాత్రమే రాయండి. లేకపోతే వెతకాల్సిన చోటికి ఎదురువైపు గీకుతారు.

జేసీరోడ్_396

చాలా థాంక్సండీ. గ్రైండింగ్ ఆపించాను. టార్చి పెట్టి చూస్తే గీతలు ముందు నుంచి వెనక్కే ఉన్నాయి, ఈఎఫ్ అక్షరాల మీదుగా కూడా. గేర్‌బాక్స్ కేసింగ్ 3885010. డిస్ట్రిబ్యూటర్ బ్యాండు మీద 6బీ9. మరి ఆర్‌సీలో 1968 ఎలా వచ్చింది? దాన్ని మార్పించాలా? పాత కాగితాలు ఇంకేమైనా దొరుకుతాయా?

పోతఇనుము (చెన్నై)

డిస్ట్రిబ్యూటర్ ఫిబ్రవరి 9. బాగుంది, అదీ వరసలోనే. బండికి ముందు ఆరు నెలల లోపు తేదీలున్న భాగాల్ని సాధారణంగా ఒప్పుకుంటారు. ఆల్టర్నేటర్ తప్ప మీవన్నీ దాదాపు నెల రోజుల్లోనే ఉన్నాయి.

కాగితాల విషయంలో, వెనక సీటు స్ప్రింగుల మధ్య, పెట్రోల్ ట్యాంకు పైన, కార్పెట్ కింద బిల్డ్ షీట్ (బండికి ఏయే భాగాలు బిగించాలో ఫ్యాక్టరీలో రాసిన కాగితం) ఉందేమో చూడండి. ట్యాంకు దించేటప్పుడు ఒకళ్లు కింద పట్టుకుంటే ఇంకొకళ్లు పైన చెయ్యి పెట్టి చూడాలి. కాగితం కనిపిస్తే లాగొద్దు, ఉన్నచోటే ఫోటో తీసి, సన్నటి గట్టి ప్లాస్టిక్ షీటు అడుగున దోపి ఎత్తండి. మన దగ్గరి తేమకి అది అప్పడంలా విరిగిపోతుంది. గ్లవ్‌బాక్సులో వారంటీ పుస్తకం ఉంటే అందులో చిన్న లోహపు రేకు, ప్రొటెక్టోప్లేట్, ఉంటుంది. చాసిస్ నంబరు, ఇంజన్ కోడు, యాక్సిల్ కోడుతో పాటు తయారైన నెల కూడా దాని మీద ఉంటుంది. అది దొరికితే మార్చి అన్న లెక్కకి గట్టి సాక్ష్యం.

ఫైర్‌వాల్ ట్యాగు పెయింటర్ చేతికి చిక్కకుండా చూసుకోండి. విప్పకుండా టేపు అంటించి పెయింటు వేయమనండి. రివెట్లు డ్రిల్ చేసిన గుర్తు కనిపిస్తే రేపు కొనేవాడు ట్యాగునే నమ్మడు.

ఫెయిర్‌లేన్_తమ్ముడు (చెన్నై)

ఇదే థ్రెడ్ చూసే ఫోర్డ్, పాంటియాక్, మోపార్ (క్రైస్లర్ బళ్లు) వాళ్ల కోసం రెండు ముక్కలు. ఫోర్డ్ పోతల్లో సంవత్సరం ముందు వస్తుంది: 6సీ11 అంటే 1966 మార్చి 11. షెవర్లేకి తిరగేసి అన్నమాట. 1967 మోడళ్ల నుంచి ఫోర్డ్ ప్రొడక్షన్ రికార్డులు ఉన్నాయి, చాసిస్ నంబరు ఇస్తే ఆ రికార్డుల నుంచి తీసిచ్చే మార్టీ రిపోర్టులో తయారీ తేదీ వస్తుంది. అంతకు ముందువాటికి డోర్ ప్లేటే గతి, దాని మీది తేదీ కూడా ప్లాన్ చేసిన తేదీ. పాంటియాక్ అయితే 1961 నుంచి రికార్డులు పీహెచ్‌ఎస్ (పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్) దగ్గర దొరుకుతాయి. మోపార్ ఫెండర్ ట్యాగులో నెల ఒక్క గుర్తే: 1 నుంచి 9, తర్వాత ఏ, బీ, సీ. ఆ వెనక రెండంకెలు తారీఖు. షెవర్లే వాళ్లకి అమెరికాలో అలాంటి రికార్డు లేదు. కెనడాలో కొత్తగా అమ్మిన బండి అయితే జీఎం కెనడా వాళ్లు కాగితం ఇచ్చేవాళ్లు. అందుకే మీరు బండి మీదే ఇంత వెతకాల్సి వస్తోంది అన్నా.

టార్చిలైటు (బెంగళూరు)

ఆర్‌సీ 1968 గురించి. ఆ రోజుల్లో ఇలాంటి బళ్లు చాలావరకు రాయబార కార్యాలయాల వాళ్లతో వచ్చి, స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేలంలో చేతులు మారాయి. ఇక్కడ మొదట రిజిస్టరు చేసిన ఏడాదే తయారీ గడిలో రాసేయడం మామూలు. వేలం కాగితమో కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీనో దొరికితే సంగతి స్పష్టమవుతుంది.

2021 వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. 1968 లెక్కన చూసినా మీరు దాటేశారు, కాబట్టి ఆ లెక్క కోసం 1966 అని మార్పించాల్సిన తొందర లేదు. ముందే రిజిస్టరైన బండి కాబట్టి పాత ఎం.వై. నంబరు ఉంచుకోవచ్చు. ఆ నంబరు పోగొట్టుకోకండి, మళ్లీ రాదు. కొత్తగా రిజిస్టరు చేసే వింటేజ్ బళ్లకి మాత్రమే వీఏ సిరీస్, 20,000 రూపాయల ఫీజు, ఫారం 20.

నిబంధనల్లో ఇంకో షరతు ఉంది, తేదీలు పనికొచ్చేది అక్కడే. చాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. పెట్రోల్ ఖర్చు భరించలేక డీజిల్ ఇంజన్ వేయించిన అమెరికన్ బళ్లు మన దగ్గర బోలెడు, వాళ్లకి ఇక్కడే అడ్డం పడుతుంది. ఆర్‌సీలో ఇంజన్ నంబరు గడిలో ఏముందో చూడండి. టీ0222ఈఎఫ్ అనో, చాసిస్ నంబరే రెండోసారి అనో ఉండొచ్చు. వేరే నంబరు ఉంటే, గ్యారేజీలో ఏ భాగమూ విప్పకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి. బ్లాకూ బాడీ విడివిడిగా పడి ఉన్నప్పుడు తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరుకి వీటన్నిటినీ చూపించడం చాలా కష్టం.