ఇన్సులిన్ మోడల్ కింద తృతీయం అని రాయాలా, చతుర్థం అనా?

విజయనగరంలో ఇంటర్ పిల్లలకు బయాలజీ చెబుతాను. సోమవారం ఎగ్జిబిషన్‌కి ఇన్సులిన్ మోడల్ చేశాం. గంటస్తంభం దగ్గర కొన్న పూసలతో ఎ గొలుసుకు 21 ఎర్రవి, బి గొలుసుకు 30 నీలంవి గుచ్చి, డైసల్ఫైడ్ బంధాలకు (రెండు సల్ఫర్ పరమాణువుల మధ్య బంధాలు) రాగి తీగ కట్టాం: ఎ7–బి7, ఎ20–బి19, ఎ6–ఎ11. అంతా బాగానే ఉంది, చార్టులో ప్రోటీన్ నిర్మాణ స్థాయి (ఒక గొలుసు మడతపడిన ఆకారం తృతీయం, పలు గొలుసులు కలిసిన అమరిక చతుర్థం) రాసే దగ్గర ఆగిపోయాం.

రెండు గొలుసులు కాబట్టి చతుర్థ నిర్మాణం అని ఒక గైడులో ఉంది. కానీ హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు బలహీన బంధాలతోనే అతుక్కుంటాయి. ఇక్కడేమో గట్టి సమయోజనీయ బంధాలు, పైగా రెండూ ప్రోఇన్సులిన్ అనే ఒకే గొలుసు తెగితే వచ్చినవి. అందుకే తృతీయమేమోనని నా అనుమానం. ఇద్దరు సీనియర్లను అడిగితే తలో మాట చెప్పారు. జింకుతో ఆరు కలిసే రూపం చతుర్థమే, దాంతో పేచీ లేదు.

ఒక్క ఇన్సులిన్ అణువు కింద ఏ స్థాయి రాయాలి, ఎందుకు?