మూకీల కాలం తేనెటీగల చిత్రాలు: గాజు పెట్టెలో తీస్తే అది సహజమేనా?

రీలుపెట్టె:
1903లో మార్టిన్ డంకన్ సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి తీసిన జున్ను పురుగుల చిత్రం లండన్ అల్హంబ్రా థియేటర్లో ఆడింది. తేనెటీగల పొట్టి చిత్రాలూ ఆ దారిలోనే వచ్చాయి. వాటిని ఈగల నడవడికకు సాక్ష్యంగా చూపడం తప్పు. తేనెపట్టు ఉండేది చీకట్లో. పిల్లలున్న చోట వేడి 34–35 డిగ్రీల దగ్గర నిలుపుకుంటాయి. పక్కన ఆర్క్ దీపం (బాగా వేడెక్కే, మిరుమిట్లు గొలిపే కరెంటు దీపం) పెడితే కూలి ఈగలు పని వదిలేసి రెక్కలతో గాలి విసురుతాయి. తెర మీద మనం చూసేది ఆ కంగారునే.

చట్రం1851:
ఈగలను చూడ్డానికి వాడే గాజు గోడల గూడు పెట్టె సినిమావాళ్ల సృష్టి కాదండీ. చూపులేని స్విస్ తేనెటీగల పరిశోధకుడు హ్యూబర్ తన సహాయకుడు బర్నెన్స్ కళ్లతో గూడు లోపల చూసి 1792లోనే పుస్తకం వేశాడు. పెట్టె సరిగ్గా కుదరాలంటే ఒకటే చట్రం (పట్టును పట్టి ఉంచే చెక్క ఫ్రేము) ఉండాలి, పట్టుకూ గాజుకూ మధ్య 6–9 మి.మీ. సందు ఉండాలి. తగ్గితే జిగురుతో పూడ్చేస్తాయి. పెరిగితే అడ్డంగా మైనం కట్టేస్తాయి, ఇక రాణి కనపడదు. బెదిరిన రాణి పరుగెడుతుంది, గుడ్డు పెట్టదు. రాణి పట్టులోని మైనపు గదిలో తల దూర్చి చూసి, వెనక్కి తిరిగి పొట్ట దించిందంటే గూడు నిమ్మళంగా ఉన్నట్టే.

పుప్పొడి:
ఎర్ర దీపం వాడి ఉండొచ్చుగా? ఈగలకు ఎరుపు కనపడదు.

రీలుపెట్టె:
ఆనాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకూ కనపడదు! ఎరుపును పట్టే పాంక్రోమాటిక్ ఫిల్ము విరివిగా వాడుకలోకి వచ్చింది 1920ల రెండో సగంలో. అందాకా తెల్లటి వెలుతురు తప్పలేదు. గుడ్డు పెట్టే షాట్ వరకు ఒప్పుకుంటాను. మిగతావాటిలో ఈగల హడావిడి మాటేమిటి?

పిడితిప్పుడు:
అది చాలావరకు ప్రొజెక్టర్ వేగం. 35 మి.మీ. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. వెయ్యడుగుల రీలు సెకనుకు 16 చొప్పున 16 నిమిషాల 40 సెకన్లు నడవాలి. 24తో ఆడిస్తే 11 నిమిషాల్లో అయిపోతుంది, ఈగ నడక ఒకటిన్నర రెట్లవుతుంది. ముందు వేగం సరిచేసి, అప్పుడు కంగారు గురించి మాట్లాడండి. అయితే సరిచేసినా, మేత ఎక్కడుందో తోటి ఈగలకు చెప్పే నాట్యంలో పొట్ట ఊపు మాత్రం లెక్కకు అందదు: అది సెకనుకు సుమారు 13 సార్లు, 16 ఫ్రేములు దానికి చాలవు.

చట్రం1851:
నా అనుమానమల్లా అతుకుల మీద. గుడ్డు నుంచి కూలి ఈగ రావడానికి 21 రోజులు. అన్ని రోజులూ ఒకే గూడు ముందు కెమెరా నిలిపారా, వేర్వేరు గూళ్ల ముక్కలు కలిపారా? మొదటి రోజు గుడ్డు గది అడుగున నిటారుగా నిలబడుతుంది, మూడో రోజుకు పడుకుంటుంది. ఆ వరుస తప్పితే అతుకే. పట్టు రంగు కూడా చూడండి: కొత్తది తెల్లగా, పిల్లలు పెరిగిన పాతది నల్లగా ఉంటుంది. వరస షాట్లలో నల్లటి పట్టు తెల్లబడితే గూడు మారినట్టే.