‘ఎరనోస్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
ప్రాచీన ఏథెన్సు గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. నగరం నడిపే గుళ్లూ పండగలూ కాకుండా, కొందరు తమంతట తాము కూడి ఒక దేవుణ్ణో దేవతనో కొలుచుకునే బృందాల సంగతి అందులో ఉంది. గ్రీకులో వాటికి థియసోస్, ఒర్గెయోనెస్, ఎరనోస్ అని రకరకాల పేర్లు. అన్నిటినీ కలిపి ‘రహస్య మత సంఘాలు’ అనెయ్యమని ఒక మిత్రుడి సలహా. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

జవాబు:
ఒప్పుకోకండి మేడమ్. ‘రహస్యం’ ఏథెన్సు దగ్గరి ఎలెవ్సిస్‌లో దెమెతెర్ దేవత పేర ఇచ్చే దీక్షలకు నప్పుతుంది. అక్కడ చూసింది బయట చెప్పకూడదు. తమాషా ఏమిటంటే, ఆ ఎలెవ్సిస్ ఉత్సవాన్ని నడిపిందే ఏథెన్సు నగరం! మీరు చెప్పే బృందాలు ప్రైవేటువి, అంటే నగరం నడపనివి, అంతే. దాచుకోవాలనుకునేవాళ్లు తమ నియమాలు రాతి మీద చెక్కించి నిలబెడతారా? ఏథెన్సు పాత శాసనకర్త సోలోను చేసిందని చెప్పే ఒక చట్టం ప్రకారం, నగర శాసనాలకు విరుద్ధం కానంతవరకు ఇలాంటి బృందాలు తమలో తాము చేసుకున్న కట్టుబాట్లు చెల్లుతాయి. క్రీ.పూ. 333లో సైప్రస్‌లోని కితియోన్ నుంచి వచ్చిన వర్తకులు ప్రేమదేవత అఫ్రొదీతెకు గుడి కట్టుకుంటామని ఏథెన్సు ప్రజాసభను బహిరంగంగానే అడిగారు. పరదేశులకు అక్కడ భూమి కొనే హక్కు లేదు కాబట్టి అడగాల్సి వచ్చింది. ఈజిప్టువాళ్లకు ఈసిస్ గుడికి ఇచ్చినట్టే వీళ్లకూ ఇస్తున్నామని ఆ తీర్మానంలోనే ఉంది.

అనుమానాలు లేవని కాదు. ఫ్రూనె అనే పేరుమోసిన వేశ్య మీద వేసిన కేసులో ఆడవాళ్లనూ మగవాళ్లనూ కలిపి థియసోస్‌లు కూర్చిందన్నది ఒక ఆరోపణ. అయినా అనుమానించడం వేరు, రహస్యం వేరు.

ఇంకో జవాబు:
‘ఎరనోస్’ను మాత్రం విడిగా చూడాలి. దాని మొదటి అర్థం సంఘం కాదు, తలా ఇంత వేసుకుని తినే భోజనం. ఒడిస్సీ మొదటి కాండలో అథీనా దేవత మారువేషంలో వచ్చి, ఒడిస్సియస్ కొడుకు తెలెమఖోస్ ఇంట్లో, అతని తల్లిని పెళ్లాడతామని తిష్ఠ వేసి తెగ మేస్తున్న మగవాళ్ల మందను చూసి అడుగుతుంది: ఇది విందా, పెళ్లా? ఎరనోస్ మాత్రం కాదే! ఈ ఒక్క పాదంలో ఎంత వెటకారం ఉందో చూడండి. తన వంతు తాను వేసుకున్నవాడు ఇలా తినడు, ఇది పరాయి సొమ్ము అని.

తర్వాత ఏథెన్సులో అదే మాట అప్పుకు వచ్చింది. ఒకడికి కష్టం వస్తే స్నేహితులు తలా కొంత పోగేసి, సాధారణంగా వడ్డీ లేకుండా ఇచ్చేవాళ్లు. ఆ పైన ఇలా కూడేవాళ్ల బృందానికే ఆ పేరు నిలిచింది. థియసోస్ సభ్యులూ ఎరనోస్ సభ్యులూ కూడేది బలి కోసం, కలిసి గడపడం కోసం అంటాడు అరిస్టాటిల్. నేటి గ్రీకులో ‘ఎరనోస్’ అంటే విరాళాల సేకరణ.

అడిగినావిడ:
అయితే ‘చిట్టీ’ అనొచ్చా అండీ? డబ్బు వేసుకోవడం ఉంది కదా.

అదే జవాబరి:
వద్దు. చిట్టీలో వంతులవారీగా అందరికీ పాట వస్తుంది. ఎరనోస్ అప్పు అవసరం పడ్డ ఒక్కడికే. వడ్డీ లేదు కాబట్టి మన ‘చేబదులు’ దగ్గరగా ఉంది, కాకపోతే పదిమంది కలిసి ఇచ్చిన చేబదులు. భోజనం అనే అర్థానికీ సంఘం అనే అర్థానికీ నాకు ‘పొత్తు’ నచ్చుతుంది. ఇప్పుడు ఎన్నికలప్పుడు తప్ప వినపడటం లేదు గానీ, కలిసి పంచుకోవడమనే పాత అర్థం ఇంకా చావలేదు.

మరొకరు:
‘పొత్తు’ బాగుంది కానీ భక్తి కనపడదు. ‘భజన సమాజం’ అనకూడదా? ఏథెన్సులో ఇయోబక్ఖోయ్ అని ద్రాక్షసారా దేవుడు డయోనిసస్ భక్తుల బృందం ఉండేది. 1894లో దొరికిన వాళ్ల శాసనం క్రీ.శ. 2వ శతాబ్దిది. చదివితే మీటింగు మినిట్స్ లాగే ఉంటుంది. ప్రవేశ రుసుము 50 దెనారియస్‌లు (రోమన్ వెండి నాణేలు), తండ్రి సభ్యుడైతే సగం. నెల నెలా తొమ్మిదో తేదీన కూడాలి, ద్రాక్షసారా కోసం నెలవారీ చందా కట్టాలి. పక్కవాడి సీట్లో కూర్చున్నా, తిట్టినా జరిమానా. కొట్లాటలో దెబ్బ తిన్నవాడు పూజారి దగ్గరికి రాకుండా కోర్టుకు వెళ్తే వాడికీ శిక్షే! సభ్యుడు పోతే దండకు 5 దెనారియస్‌ల దాకా ఇస్తారు. అంత్యక్రియలకు వచ్చినవాళ్లకు ఒక కూజా సారా, రానివాళ్లకు ఏమీ లేదు.

గొడవ చేసేవాడి పక్కన డయోనిసస్ చేతికర్రను పెడతారు. పెట్టాక వాడు లేచి వెళ్లిపోవాలి. వెళ్లకపోతే ‘హిప్పోయ్’ వచ్చి గెంటేస్తారు. ఆ మాటకు అర్థం గుర్రాలు.

అడిగినావిడ:
భజన సమాజంలో సారా ఎక్కడిదండీ, పాఠకులు నన్ను కొడతారు! వ్యాసం మొత్తానికి ‘సొంత పూజా బృందాలు’ అంటాను, ఎరనోస్ వచ్చిన చోట ‘పొత్తు’ అని మొదటిసారి గ్రీకు మాటతో కలిపి రాస్తాను. హిప్పోయ్‌కి ‘బౌన్సర్లు’ అని రాద్దామనిపించింది కానీ, ‘గుర్రాలు’ అనే ఉంచుతున్నాను. థియసోస్‌కి ఇంకా మంచి మాట తడితే చెప్పండి, ప్రతి పంపడానికి టైముంది.