ఇంటిలోని పోరా, హోరా?

నల్లకుంట నుంచి: నాలుగు రోజులుగా మా హాల్లో స్పీకర్లు గుయ్యిమంటున్నాయి. పాట ఆపినా ఆ మోత ఆగదు. నిన్న రాత్రి స్విచ్‌బోర్డు ముందు చతికిలబడి ఒక్కో వైరూ పీకి చూస్తుంటే వేమన "చెవిలోని జోరీగ" పద్యం నోటికొచ్చింది. మూడో పాదం దగ్గర ఆగిపోయాను. మా తాతయ్య "ఇంటిలోని హోరు" అనేవారని నా జ్ఞాపకం. పుస్తకంలో "ఇంటిలోని పోరు ఇంతింత గాదయా" అని ఉంది. ఏది పాఠం?

సికింద్రాబాద్ నుంచి: పోరేనండీ. హోరు అంటే యతి, అదే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన పొత్తు, చెడదూ?

రామంతాపూర్ నుంచి: చెడదు. యతి "ఇంటి"కీ "ఇంతింత"కీ మధ్య. పోరు మూడో గణం, హోరు పెట్టినా గలమే, అంటే గురువు, లఘువు. ఈ పద్యం ఆటవెలది, దానికి ప్రాస నియమం ఎలాగూ లేదు. ఛందస్సుతో ఇది తేలదు, అర్థంతోనే తేలాలి. జోరీగ రొద ముందే చెప్పాక మళ్ళీ హోరెందుకు? రాయి, జోరీగ, నలుసు, ముల్లు ఒంటిని బాధపెట్టేవి. పోరు మనిషి నుంచి వచ్చేది. ఆ మెట్టు ఎక్కడంలోనే పద్యం ఉంది.

ఉప్పల్ నుంచి: మా వరంగల్ వైపు లొల్లి అంటే చప్పుడూ అదే, కొట్లాటా అదే. "ఇంట్ల ఒకటే లొల్లి" అంటే ఏదో అడిగి తెలుసుకోవాల్సిందే. అలాంటి చెవికి పోరు హోరుగా వినపడటంలో వింత లేదు. తాతగారిని తప్పు పట్టను.

మలక్‌పేట నుంచి: నాకు అసలు హోరు మాట మీదే అభ్యంతరం. సముద్రానిది హోరు, వానది హోరు. అందులో వంద స్థాయిలు కలిసిపోతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని నుంచి వచ్చే మోత 50 దగ్గరో 100 దగ్గరో ఒకే శ్రుతిలో నిలబడుతుంది. అది గుయ్. సుయ్యిమంటే వేరే జబ్బు. సార్, వాల్యూమ్ సున్నా చేసి చూడండి. మోత అంతే ఉంటే ఆంప్లిఫయర్‌లోనే ఉంది. తగ్గితే దానికి ముందున్న వైర్లలో వెతకాలి. లాప్‌టాప్ ఒక బోర్డుకీ ఆంప్లిఫయర్ ఇంకో బోర్డుకీ పెట్టారా? రెండు ఎర్తుల మధ్య చుట్టు పడుతుంది. అన్నీ ఒకే బోర్డుకి పెట్టండి. మూడో పిన్ను మాత్రం ఎవరు చెప్పినా పీకొద్దు, ప్రాణానికి ముప్పు.

ఉప్పల్ నుంచి: ఒకే శ్రుతి అంటే పోతనే గుర్తొస్తాడు. "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు". మకారంతో మొదలయ్యే మాటలు ఐదు. పెదవులు మూయనిదే మ పలకదు. మూసిన పెదవుల వెనక పుట్టేది తుమ్మెద రొదే కదా! తుమ్మెద అని చెప్పకముందే దాన్ని వినిపించాడు మహానుభావుడు.

సికింద్రాబాద్ నుంచి: ఆ మదనము ఉమ్మెత్తే కదండీ? మన్మథుడని అర్థం చెప్పేవాళ్ళను విన్నాను.

రామంతాపూర్ నుంచి: ఉమ్మెత్తే. మందారానికి ఎదురు ఇంకో పువ్వే రావాలి.

నల్లకుంట నుంచి: వాల్యూమ్ తగ్గిస్తే మోత తగ్గింది. లాప్‌టాప్ ఛార్జర్ పీకగానే పూర్తిగా ఆగిపోయింది! మలక్‌పేట వారికి దండాలు. కానీ తాతయ్య గొంతులో ఆ "హో" దీర్ఘం నాకు ఇంకా వినిపిస్తోంది. ఆయన దగ్గరే పద్యాలు నేర్చుకున్న మా పెద్దత్తకు రేపు ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా పద్యం చదవమంటాను.

ఉప్పల్ నుంచి: చదివించండి. అలాగే మదనము అంటే ఏమని నేర్చుకున్నారో అది కూడా అడగండి.