ఎండల పని దిగినంక బీరంటే లైటా, స్ట్రాంగా?

కూకట్‌పల్లి స్ప్లిట్ ఏసీ:
ఏసీ పనోళ్లందరినీ అడుగుతున్న, సక్కగ చెప్పుండ్రి. నిన్న నిజాంపేటల తొమ్మిదో అంతస్తు బాల్కనీ అవతల ఔట్‌డోర్ యూనిట్ దింపినం. ఇనుప స్టాండు మీద చెయ్యి ఆనిస్తే సుర్రుమంది. రాత్రి పర్మిట్ రూమ్‌ల కూసున్నంక నేను కేఎఫ్ లైట్, అంటే కింగ్‌ఫిషర్ లైట్ బీర్ అడిగిన. మా బ్యాచ్ మొత్తం నవ్వుడే. "అన్నా, నీళ్ల సీసా తెప్పించాల్నా?" అని.

నా మాట ఇది. బీర్ తాగేది సల్లగ గొంతు దిగేటందుకు. కిక్కే కావాలంటే క్వార్టర్ ఉంది కదా. లెక్క చూడుండ్రి. 650 మి.లీ. లైట్ సీసాల ఆల్కహాల్ 5 శాతం లోపలే, అంటే మహా అయితే 32 మి.లీ. స్ట్రాంగ్‌ల 8 శాతం దాకా ఉంటది, అంటే 52 మి.లీ. 180 మి.లీ. విస్కీ క్వార్టర్‌ల ఉండేదే 77. ఒక్క స్ట్రాంగ్ ఎత్తినోడు క్వార్టర్‌ల మూడింట రెండొంతులు తాగినట్టే. అది బీరెట్లయితది?

మల్కాజిగిరి గ్యాస్ చార్జింగ్:
అన్నా, నీ లెక్కే నా దిక్కు మాట్లాడుతున్నది. రెండు సీసాల రేటుకు పెద్ద తేడా లేదు. 2025 ఫిబ్రవరిల సర్కారు బీర్ల మీద 15 శాతం పెంచినంక జేబుల చెయ్యి పెట్టుడే కష్టమైంది. దినాం కూలి మీద బతికే హెల్పర్ రెండు లైట్లు కొంటడా, ఒక స్ట్రాంగ్‌తోని లేస్తడా?

పైసలు పక్కన పెట్టు, రుచి సంగతి చెప్త. బోటి ఫ్రై కారంగ వేయించి ముందల పెట్టినప్పుడు లైట్ బీర్ దాని ముందు నిలవదు. నేను తాగే స్ట్రాంగ్ బీర్ నాకౌట్‌ల ఉండే ఆ తీపి, ఆ మంట కారాన్ని పట్టుకుంటయి. 2025 జనవరిల, రేట్లు పెంచలేదని, బాకీలు రాలేదని కింగ్‌ఫిషర్ కంపెనీ మన రాష్ట్రానికి సరఫరా ఆపుతున్నమని చెప్పినప్పుడు మీరంతా వైన్స్‌ల చుట్టూ తిరిగిండ్రు. నేను తిరగలే, నాకౌట్ వేరే కంపెనీది.

బెజవాడ డక్టింగ్:
మల్కాజిగిరి అన్న బోటి మాట నిజమేనండీ, కానీ నా ఓటు రెండిటికీ కాదు. పోయిన నెల ఒక ఆఫీసులో డక్ట్ పని ముగిసినప్పుడు ఆ ఇంజినీరు గారు మమ్మల్ని జూబ్లీహిల్స్‌లో బీరు అక్కడే కాచే చోటికి తీసుకెళ్లారు. గోధుమ బీరు. మసక మసకగా ఉంది, ముక్కు దగ్గర పెడితే అరటిపండు వాసన. అరటిపండు వేశారా అని అడిగితే లేదండీ, ఆ రకం ఈస్టే ఆ వాసన ఇస్తుందన్నారు. రేటు మాత్రం మన పనోళ్లకి అందేది కాదు. కానీ అంత రుచి నేను సీసాలో చూడలేదు.

మల్కాజిగిరి గ్యాస్ చార్జింగ్:
బెజవాడ తమ్మీ, పైసలు ఇంకొకరు కట్టినప్పుడు ఏ బీరైనా మంచిగనే ఉంటది.

సికింద్రాబాద్ పాత ఫ్రిజ్:
బిడ్డా, ముప్పై ఏండ్లు ఫ్రిజ్‌ల పని చేసినోన్ని, జర నా మాట ఇనుండ్రి. మీరు బ్రాండ్ కోసం కొట్లాడుతున్నరు, కూలింగ్ సంగతి ఒక్కడు ఎత్తలే.

వైన్స్‌ల ఫ్రిజ్ ఎప్పుడన్న ఎనక నుంచి చూసిండ్రా? కండెన్సర్ మీద వేలు మందం దుమ్ము, తలుపు రబ్బరు చిరిగి ఉంటది, సాయంత్రం నిమిషానికోసారి తెరుస్తరు. అందులకెల్లి తీసిన సీసా ముట్టుకుంటే సల్లగ అనిపిస్తది గాని లోపల బీర్ సల్లబడి ఉండదు. బీర్‌ల కలిసిన గ్యాస్ చలికి లోపల ఉంటది, వేడికి బయటికి ఉరుకుతది. మూత తీయంగనే సగం నురుగై పొంగుతది, మిగిలింది సప్పగుంటది. అప్పుడు మీరు "లైట్ బాగలేదు" అంటరు.

అట్లని డీప్ ఫ్రీజర్ల పెట్టి మర్చిపోకుండ్రి. నేనొకసారి రిపేరుకొచ్చిన ఫ్రీజర్ల రెండు సీసాలు పెట్టి ఇంకో కాల్‌కు పోయిన. వచ్చి చూస్తే రెండూ పగిలి, గాజు పెంకులు మంచుల అతుక్కున్నయి. నీళ్లు గడ్డ కడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతయి, సీసా ఎట్ల ఆగుతది? బకెట్‌ల ఐసు, నీళ్లు, రెండు పిడికిళ్ల ఉప్పు వేసి సీసాలు మునగ పెట్టుండ్రి. గాలి కంటే నీళ్లు వేడిని జల్ది గుంజుతయని మీకు నేను చెప్పాల్నా?

ఇంకొకటి, ఎండల పెట్టిన క్రేటుల నుంచి తీస్కోకుండ్రి. ఎలుతురు తగిలితే బీర్ వాసన మారుతది, గోధుమ రంగు సీసా పెట్టేది అందుకే.

నాకైతే లైటే ఇష్టం. దానికంటే ముందు లీటరు మంచినీళ్లు తాగుత. దాహానికి నీళ్లే, బీర్ కాదు. కూకట్‌పల్లి బిడ్డా, అక్కడ నువ్వు తప్పు.

కూకట్‌పల్లి స్ప్లిట్ ఏసీ:
కాకా, దాహం మాట ఒప్పుకుంటున్న. లైట్ మాట మాత్రం ఇడువను, మీరు కూడ లైటే అన్నరు కదా! మల్కాజిగిరి, శనివారం నా షాపు ఎనక కూసుందం. కాక చెప్పినట్టు ఐసు ఉప్పు బకెట్. నాలుగు బ్రాండ్లు. లేబుల్ కనపడకుండ పోస్తం, నాకౌట్ ఏదో నువ్వు పట్టాలె. ఆదివారం పొద్దున ఔట్‌డోర్ పని ఉన్నోళ్లు ఒక్క గ్లాసే.

మల్కాజిగిరి గ్యాస్ చార్జింగ్:
వస్త. బోటి నేను తెస్త. గాజు గ్లాసులు పెట్టు అన్నా, నురుగు చూడాలె.

సికింద్రాబాద్ పాత ఫ్రిజ్:
స్టీల్‌వి పెట్టు. గాజు గ్లాసుల రంగు చూసి గుర్తుపడ్తడు వాడు.