కోర్టు సైట్లో ‘డిస్పోజ్డ్’ అని చూపిస్తోంది, కేసు అయిపోయినట్టేనా?

ప్రశ్న (గుంటూరు నుంచి)

అందరికీ నమస్కారం. 2019లో ఇంటి స్థలం హద్దు దగ్గర గొడవై మా పెదనాన్న కొడుకులిద్దరి మీద, మా తమ్ముడి మీద కేసు పెట్టారు. ఎఫ్‌ఐఆర్‌లో 324, 506 రెడ్ విత్ 34 ఐపీసీ అని ఉంది. తర్వాత పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ పడ్డాం, అంతటితో అయిపోయిందనుకున్నాం. తమ్ముడు అప్పటి నుంచీ హైదరాబాద్‌లోనే ఉంటున్నాడు. ఇప్పుడు కొత్త కంపెనీ వాళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటున్నారు. ఈకోర్ట్స్ సైట్లో వెతికితే ‘కేస్ డిస్పోజ్డ్’ అని వచ్చింది, జడ్జిమెంటు కూడా దింపుకున్నాను. అందులో ఎల్‌డబ్ల్యూ, పీడబ్ల్యూ, హోస్టైల్ అని ఏవేవో ఉన్నాయి, చదువుతుంటే టెన్షన్ పెరుగుతోంది తప్ప ఏమీ అర్థం కావడం లేదు. డిస్పోజ్డ్ అంటే కేసు కొట్టేసినట్టేనా అండి?

జవాబు (విజయవాడ, లాయరు ఆఫీసులో గుమస్తా)

అమ్మా, ఆ ఒక్క మాట చూసి కంపెనీకి ఏమీ రాసివ్వొద్దు. డిస్పోజ్డ్ అంటే ఆ కోర్టులో, ఆ నంబరు మీద పని ముగిసిందని మాత్రమే. శిక్ష పడినా డిస్పోజ్డే, కొట్టేసినా డిస్పోజ్డే, లోక్ అదాలత్‌లో రాజీ అయినా, మేజిస్ట్రేట్ కోర్టు నుంచి సెషన్స్ కోర్టుకు పంపేసినా అదే చూపిస్తుంది. దాని కింద ‘నేచర్ ఆఫ్ డిస్పోజల్’ అని ఇంకో గడి ఉంటుంది, అది కొంచెం నయం కానీ ఏ ముద్దాయికి ఏమైందో అది కూడా విడివిడిగా చెప్పదు.

ముందు నంబర్లు తేల్చుకోండి, ఎందుకంటే ఒకే గొడవకు మూడు నాలుగు నంబర్లు వస్తాయి. పోలీస్ స్టేషన్లో ఇచ్చేది క్రైమ్ నంబరు, అంటే ఎఫ్‌ఐఆర్ నంబరు. చార్జిషీటు కోర్టుకు వెళ్లి, కోర్టు దాన్ని తీసుకున్నాక సీసీ నంబరు వస్తుంది, అదే క్యాలెండర్ కేసు. హత్య, హత్యాయత్నం లాంటివైతే మేజిస్ట్రేట్ దగ్గర పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరుతో మొదలై, సెషన్స్‌కు కమిట్ అయ్యాక ఎస్‌సీ నంబరు, అంటే సెషన్స్ కేసు. బెయిలు పిటిషన్లు, వాయిదాకి రాలేమని వేసే పిటిషన్లకు క్రిమినల్ ఎంపీ (మిసలేనియస్ పిటిషన్) నంబర్లు వేరు. వీటన్నిటికీ పైన సీఎన్‌ఆర్ అని పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు ఉంటుంది. అది రాసి పెట్టుకుంటే మళ్లీ ఎప్పుడైనా నేరుగా ఆ కేసు తెరవచ్చు.

వెతికేటప్పుడు పేరుతో కాకుండా ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతకండి. పేరుతో అయితే ఇంగ్లీషు స్పెల్లింగు ఒక అక్షరం మారినా దొరకదు, పైగా అదే పేరున్న వాళ్ల కేసులన్నీ వచ్చి గుండె గుభేల్మంటుంది. జిల్లా, కోర్టు కాంప్లెక్సు, స్టేషను, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం ఇస్తే ఆ ఎఫ్‌ఐఆర్ మీద నమోదైన కేసులు వస్తాయి. ఇది చదివే మా ఊరివాళ్లకు ఒక మాట, 2022లో జిల్లాలు విడిపోయినా విజయవాడ కోర్టుల కోసం ఆ సైట్లో కృష్ణా కిందే చూడాలి, ఎన్టీఆర్ జిల్లా అని వెతుక్కుంటూ కూర్చోకండి.

ఇక సెక్షన్లు. 324 అంటే ఆయుధంతోనో ప్రమాదకరమైన వస్తువుతోనో గాయపరచడం, 506 బెదిరింపు. రెడ్ విత్ 34 అని చివర తగిలించేది వేరే నేరం కాదు, అందరూ ఒకే ఉద్దేశంతో కలిసి చేశారని చెప్పడానికి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది కాబట్టి కొత్త కేసుల్లో ఇవే 118(1), 351, 3(5) అని కనిపిస్తాయి. మీది 2019 సంఘటన కనుక పాత నంబర్లే ఉంటాయి, ఇప్పుడు తీర్పు వచ్చినా సరే.

తీర్పు మొదటి పేజీ నుంచి వరసగా చదివితే ఎవరికైనా తల తిరుగుతుంది. ముందు చివరి పేరా చదవండి, అసలు ఆర్డరు అక్కడే ఉంటుంది. తర్వాత మొదటి పేజీకి వచ్చి ముద్దాయిల పేర్ల ఎదురుగా ఏ1, ఏ2, ఏ3 ఎవరెవరో చూసుకోండి. ఎల్‌డబ్ల్యూ అంటే చార్జిషీటులో పోలీసులు రాసిన సాక్షి, వాళ్లలో కోర్టుకొచ్చి నిజంగా సాక్ష్యం చెప్పినవాళ్లు పీడబ్ల్యూ. అందుకే చార్జిషీటులో ఎల్‌డబ్ల్యూ 4గా ఉన్న మనిషి తీర్పులో పీడబ్ల్యూ 2 కావచ్చు. ఎగ్జిబిట్ పీ1, పీ2 అనేవి ప్రాసిక్యూషన్ కాగితాలు, ఎంవో అంటే కర్రో రాయో, స్వాధీనం చేసుకున్న వస్తువు. మీ తమ్ముడు ఎన్నో ముద్దాయో చూసి, చివరి పేరా ఇక్కడ రాయండి. పేర్లు మాత్రం పెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారు

తమ్ముడు ఏ3 అండి. చివర్లో ఏ1, ఏ2 నాట్ గిల్టీ, 248(1) సీఆర్‌పీసీ కింద అక్విటెడ్, బాండ్లు ఆరు నెలలు అమల్లో ఉంటాయి అని ఉంది. సాక్షులందరూ హోస్టైల్ అని రాశారు. మేం రాజీ పడితే హోస్టైల్ అనడం ఏంటో తెలియలేదు. ఏ3 గురించి చివర్లో ఏమీ లేదు, ముందు ఒకచోట మాత్రం ‘కేస్ ఎగైనెస్ట్ ఏ3 వాజ్ స్ప్లిట్ అప్’ అని ఉంది.

జవాబు (విజయవాడ, గుమస్తా)

మీరు చూడాల్సిన అసలు లైను ఆ చివరిదే అమ్మా. మీ తమ్ముడు వాయిదాలకు రాకపోవడంతో, మిగతా ఇద్దరి విచారణ ఆగకుండా ఇతని భాగాన్ని కోర్టు విడదీసింది. దానికి వేరే సీసీ నంబరు ఉంటుంది. మీరు చూసిన డిస్పోజ్డ్ మీ అన్నలిద్దరిది, తమ్ముడిది కాదు. ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతికితే రెండోది కూడా కనిపించాలి. లేకపోతే ఆ తీర్పులో స్ప్లిట్ అప్ అన్నచోటే కొత్త నంబరు రాసి ఉందేమో చూడండి. సైట్లో ఆ రెండో కేసు పేజీలో స్టేజీ దగ్గర ఎన్‌బీడబ్ల్యూ అని ఉంటే నాన్ బెయిలబుల్ వారెంటు పెండింగులో ఉన్నట్టు. వారెంటుకు కాలం తీరిపోవడం అంటూ లేదు, కోర్టు రద్దు చేసేదాకా, లేదా పోలీసులు అమలు చేసేదాకా అలాగే ఉంటుంది.

భయపెట్టాలని చెప్పడం లేదు. ఇది గుంటూరులోనూ మా దగ్గరా చాలా ఇళ్లలో జరిగేదే, ఊళ్లో రాజీ అయ్యింది కదా అని పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోతారు, వాయిదా సంగతి ఎవరూ పట్టించుకోరు. పెద్దమనుషుల రాజీ కోర్టు కాగితం మీదకు దానంతటది ఎక్కదు. పైగా 324 రాజీకి వీలున్న సెక్షన్ల జాబితాలో లేదు, 506 ఉంది. 324 ఉన్నందువల్ల కింది కోర్టులో రాజీ పేరుతో కేసు మూయడం కుదరదు, అక్కడ విచారణ జరగాల్సిందే. సాక్షులు కోర్టుకొచ్చి చార్జిషీటుకు అనుకూలంగా చెప్పకపోతే ఏపీపీ, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, కోర్టును అడిగి వాళ్లను హోస్టైల్‌గా తీసుకుని అడ్డప్రశ్నలు వేస్తారు, దాంట్లోనూ ఏమీ రాకపోతే రుజువు కాలేదని కొట్టేస్తారు. సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 248(1) అంటే అదే, నిర్దోషి అని వదిలేయడం. 248(2) అని ఉంటే దోషి అని అర్థం, కాబట్టి బ్రాకెట్లో అంకె జాగ్రత్తగా చూడాలి. సెషన్స్ కేసుల్లో ఇదే 235(1), చిన్న సమన్స్ కేసుల్లో 255(1). ఆరు నెలల బాండ్లు చూసి కంగారు పడకండి, ఎవరైనా అప్పీలుకు వెళ్తే పై కోర్టుకు హాజరవడానికి పెట్టే షరతు అది, శిక్ష కాదు.

తమ్ముడు చేయాల్సింది వాయిదా దాకా ఆగకుండా లాయరుతో వచ్చి అదే కోర్టులో హాజరై, వారెంటు రీకాల్ పిటిషను, అంటే వారెంటు రద్దు చేయమని పిటిషను, వేయడం. పాత కేసు కనుక సీఆర్‌పీసీ 70(2) కింద వేస్తారు. స్వయంగా వచ్చినవాణ్ని, పోలీసులు పట్టుకొచ్చినవాణ్ని కోర్టు ఒకేలా చూడదు. రాకపోవడానికి కారణం నిజాయితీగా చెప్పాలి, హైదరాబాద్ ఉద్యోగం కాగితాలుంటే పెట్టుకోండి. జరిమానా వేయొచ్చు, కొత్త జామీనుదార్లను అడగొచ్చు, అందుకని జామీను ఇచ్చేవాళ్లను ఆధార్, ఆస్తి కాగితాలతో సిద్ధంగా ఉంచుకుని వెళ్లండి. మిగతా ఇద్దరి తీర్పు సర్టిఫైడ్ కాపీ కూడా తీయించండి, సైట్ నుంచి దింపుకున్నది చదువుకోవడానికే. అన్నలు కక్షిదారులు కాబట్టి వాళ్ల పేరు మీద కాపీ దరఖాస్తు వేస్తే సులువు. లాయరుకు ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

ఇంకొకరు (తెనాలి నుంచి)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా వాడి మీద ఎఫ్‌ఐఆర్ మాత్రమే ఉంది, సీసీ నంబరు రాలేదు. పాస్‌పోర్టుకు పెండింగ్ కేసు ఉందని రాయాలా?

జవాబు (విజయవాడ, గుమస్తా)

ఫారంలో ప్రశ్న ఎలా ఉందో అక్షరం అక్షరం చదివి, అడిగినదానికే నిజం రాయండి. పాస్‌పోర్టు చట్టంలో 6(2)(ఎఫ్) మాట్లాడేది క్రిమినల్ కోర్టు ముందు పెండింగులో ఉన్న కేసుల గురించి. ఎఫ్‌ఐఆర్ దశలోనే ఉంటే కోర్టు ఇంకా కేసు తీసుకోనట్టే. అయినా పోలీసు వెరిఫికేషన్‌లో ఎఫ్‌ఐఆర్ బయటపడుతుంది కనుక కాపీ దగ్గర పెట్టుకోండి. సీసీ నంబరు పడ్డాక అయితే ఆ కోర్టు నుంచి అనుమతి ఆర్డరు తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు, దానికి 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఉంది.

ప్రశ్న అడిగినవారు

రెండో సీసీ నంబరు దొరికింది అండి, స్టేజీ ఎన్‌బీడబ్ల్యూ అనే ఉంది. తమ్ముడు రేపు రాత్రి బండికి వస్తానన్నాడు. కంపెనీకి ఏం చెప్పమంటారు?

జవాబు (విజయవాడ, గుమస్తా)

కేసు ఉందా అని అడిగితే ఉంది, పెండింగు అనే చెప్పమనండి, సీసీ నంబరుతో సహా. మిగతా ముద్దాయిలిద్దరినీ నిర్దోషులని వదిలేసిన తీర్పు, తను హాజరై వారెంటు రీకాల్ చేయించుకున్న డాకెట్ (ఆ రోజు కోర్టు రాసిన ఆర్డరు) కాపీ జత చేయొచ్చు. అన్నల మీద కొట్టేశారు కాబట్టి ఇతని మీద కూడా పోయినట్టే అని మాత్రం రాయొద్దు, ఇతని విచారణ వేరుగా జరగాలి. ఆ తీర్పు ఆధారంగా నేలపాడులోని హైకోర్టులో కేసు కొట్టేయమని క్వాష్ పిటిషను వేయడమా, కింది కోర్టులోనే త్వరగా విచారణ చేయించుకోవడమా అన్నది ఫైలు చూసిన లాయరు తేల్చాలి. కోర్టుకు పొద్దున్నే, పిలుపులు మొదలవక ముందే వెళ్లండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, రెండు సీసీ నంబర్లు, పాత వకాలతు వేసిన లాయరు పేరు ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే అక్కడ సగం పని తగ్గుతుంది.